సూదీ స్పానరూ

జూన్ 3

మెకానిక్‌ని చంపెయ్యమన్నారు.

చెప్పింది మా నిర్మాత. చొక్కా మడత నలగకూడదని ఎప్పుడూ కుర్చీ చివరనే కూర్చుంటారు కాబట్టి యూనిట్ మొత్తానికీ ఆయన ఇస్త్రీ సారు. "రేటింగు పడుకుంది మేడమ్. ఓ చావు పడితే గానీ లేవదు" అన్నారు. ఎవరిని చంపాలో కూడా ఆయనే చెప్పారు. ఆరువందల నలభయ్యో ఎపిసోడ్‌లో మెకానిక్ లిఫ్టు గోతిలో పడి పోవాలి.

'మూడో అంతస్తు' మొదలై రెండున్నరేళ్ళు. ప్రతి మాటా నేను రాసిందే. ఒక అపార్టుమెంటు, పన్నెండు కుటుంబాలు, వారానికోసారి చెడిపోయే లిఫ్టు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే నర్సు. ఆ లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చే మెకానిక్. లిఫ్టు మెకానిక్ ఆడమనిషైతే కొత్తగా ఉంటుందని మొదట్లో అన్నదీ నేనే.

"రాసేస్తాను సార్" అన్నాను.

నాకేం బాధ లేదు. పాత్ర అన్నాక పుడుతుంది, పోతుంది. ఇంటికొచ్చి పిన్నికి చెప్పలేదు. పిన్నికి చెబితే వీధి మొత్తానికి చెప్పినట్టే.

నాకేం బాధ లేదు.

జూన్ 5

నా దగ్గర సీన్లు రాయడం నేర్చుకుంటున్న జూనియర్ ఇవాళ తలుపు దగ్గరేసి వచ్చి కూర్చుంది.

"మేడమ్, మెకానిక్‌ని చంపితే కొసరు వాళ్ళు మనల్ని బతకనివ్వరు."

"కొసరు వాళ్ళెవరే?"

ఫోను తీసి చూపించింది. 'కొసరు' ఒక వెబ్‌సైటట. సీరియల్ చూసేవాళ్ళు మన పాత్రల్ని తీసుకుని సొంతంగా కథలు రాసి అందులో పెట్టుకుంటారట. తూకం అయ్యాక పైన వేసే గుప్పెడు లాగా, మనం రాసింది అసలు, వాళ్ళు రాసుకున్నది కొసరు. పేరు మాత్రం బాగుంది.

నర్సుకీ మెకానిక్‌కీ జత కట్టారు.

"స్నేహితులేగా" అన్నాను.

"స్నేహం కాదు మేడమ్" అంది జూనియర్, నా వైపు చూడకుండా. "ప్రేమ."

ఆ జంటకి ముద్దుపేరు కూడా ఉంది: సూది-స్పానరు. రెండువందల పన్నెండు కథలు. నర్సుని మా సీరియల్లో మెడలో గొట్టంతో తిరిగే డాక్టరుకి ముడిపెట్టే వర్గం వేరే ఉంది, వాళ్ళది సూది-గొట్టం. వాళ్ళవి నలభయ్యే కానీ నోరు పెద్దది. రెండు వర్గాలకీ ఉప్పూ నిప్పూ.

నేనెక్కడ రాశాను ప్రేమ? నాకు చెప్పకుండా నా పిల్లలకి పెళ్ళి చేసేసి, ఫొటోలు చూపించినట్టుంది. కోపం రాదూ? ఏం రాశారో చూద్దామని ఊరికే ఒకటి చదివాను.

(పదకొండు చదివాను.)

జూన్ 6

ఏం మనుషులు వీళ్ళు!

నాలుగువందల రెండో ఎపిసోడ్‌లో నర్సు నల్ల కళ్ళజోడు పెట్టుకుంది. ఎందుకు? ఆ నటికి కళ్ళకలక వచ్చింది కాబట్టి. కొసరు వాళ్ళ లెక్కలో మాత్రం, మెకానిక్‌కి బదిలీ అవుతుందని తెలిసి నర్సు మూడు రోజులు ఏడ్చి, ఆ కళ్ళు దాచుకుంది. దాని మీద తొమ్మిది కథలు.

మూడువందల ఒకటిలో మెకానిక్ గోతిలోంచి నర్సుని "ఏమండీ!" అని కేకేసింది. గోతిలోంచి మనిషిని ఇంకెలా పిలుస్తారు? "అంత గోముగా ఏమండీ అని ఎవరు ఎవర్ని పిలుస్తారో మనకి తెలీదా?" అని ఒకావిడ నిలదీసింది. ఇంకేముంది, 'ఏమండీ', 'మళ్ళీ ఏమండీ', 'ఏమండోయ్' అంటూ నలభై ఒక్క కథలు.

ఇక మూడువందల నలభై ఎనిమిది. కరెంటు పోయి ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కున్న ఎపిసోడ్. అప్పటిదాకా ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకునేవాళ్ళు. ఆ చీకట్లో మెకానిక్ ఒకే ఒక్కసారి "నువ్వు భయపడకు" అంది. తలుపు తెరుచుకోగానే మళ్ళీ 'మీరు'. ఆ ఒక్క 'నువ్వు' వచ్చి ఏడాదైందని కొసరులో మొన్న వార్షికోత్సవం చేశారట! ముప్ఫై మంది కవితలు రాశారు. కవితలు!

అది టైపు పొరపాటు. అంతకు మించి ఏమీ లేదు.

జూన్ 9

కొసరులో చేరాను. పరిశోధన కోసమే. చూసేవాళ్ళ నాడి తెలియకుండా చావు సీను రాయకూడదు కదా.

కలం పేరు పెట్టుకోవాలన్నారు. 'ఎదురింటావిడ' అని పెట్టుకున్నాను. నాడి తెలియాలంటే ఒక కథ రాసి చూడటమే మేలనిపించింది. నర్సూ మెకానిక్కూ వానలో ఒకే గొడుగు కింద నడిచే కథ. పొద్దున్న రెండు గంటల్లో అయిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా మాటలు రాసి బతుకుతున్న చెయ్యి. పాపం, కొసరు వాళ్ళు ఇంత మంచి కథ ఎన్నడూ చూసి ఉండరు.

జూన్ 11

"ఎదురింటావిడ గారూ, ప్రయత్నం బాగుంది. కానీ మీరు సీరియల్ సరిగ్గా చూస్తున్నట్టు లేదు."

"మెకానిక్ ఇలా మాట్లాడదండీ. ఆవిడ ఎప్పుడూ వాక్యానికి ఆరు మాటలు దాటదు. పాత ఎపిసోడ్లు చూడండి."

"నర్సు గారు ఇంత బేలగా ఉండరు. ఎవరి నర్సు ఈవిడ?"

'నట్టుబోల్టు' అన్న పేరుతో ఒకావిడైతే ఏకంగా తొమ్మిది తప్పులు అంకెలు వేసి మరీ పెట్టింది. లిఫ్టు డబ్బా మీదకి ఎలా ఎక్కాలో నాకు తెలీదట. తాడు రెండో కొసన వేలాడే 'బరువులు' ఎటువైపు దిగుతాయో తెలీదట. మెకానిక్‌ది ఎడమచేతి వాటమని, కావాలంటే రెండువందల పద్నాలుగు చూడమని. మూడో పేరాలో రెండు వాక్యాలకి కర్త లేడట. చివర్న ఓదార్పు: "నిరుత్సాహపడకండి. రాస్తూ రాస్తూ ఉంటే వస్తుంది."

తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే!

"ఏంటే, ఆ ఫోన్ని కొరికేసేలా చూస్తున్నావు?" అంది పిన్ని.

"ఆఫీసు పని."

"ఆఫీసు పనికి మొహం అంత ఎర్రబడదే."

రెండువందల పద్నాలుగు తీసి చూశాను. ఎడమచెయ్యే. తర్వాత వరుసగా ఇరవై సీన్లు తీసి మెకానిక్ మాటలు లెక్కపెట్టాను. ఎక్కడా ఆరు దాటలేదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ చెప్పుకోలేదు.

జూన్ 14

రెండో కథ పెట్టాను. "ఈసారి మెరుగు" అంది నట్టుబోల్టు. నాలుగే తప్పులు.

ఈసారి మెరుగు! పరిశ్రమ వాళ్ళు పోయినేడు నాకు శాలువా కప్పి ఇత్తడి బొమ్మ చేతిలో పెట్టినప్పుడు కూడా ఇంత పొంగలేదు. పరిశోధన బాగా సాగుతోంది.

సాయంత్రం పిన్నితో కూర్చుని ఎపిసోడ్ చూశాను. పిన్ని మొదట్నుంచీ డాక్టరు వైపు. ఆయన తెర మీదకి రాగానే కొంగు సర్దుకుంటుంది.

"బంగారం లాంటి పిల్లాడు. ఆ నర్సుకి ఏం రోగమే? ఎప్పుడు చూసినా లిఫ్టు దగ్గర నిలబడుంటుంది. మూడో అంతస్తేగా, మెట్లెక్కలేదా?"

అడిగింది నన్ను. రాసింది నేను. టీవీ శబ్దం పెంచాను.

జూన్ 18

చావు సీను మొదలుపెట్టాలి. రేపు.

జూన్ 19

చంపలేదు. తలనొప్పి.

జూన్ 20

ఇవాళ కూడా చావలేదు. గోతి అంచు దాకా తీసుకెళ్ళాను. ఆవిడ టార్చి వేసి లోపలికి చూసి, వెనక్కి తిరిగి, "పని అయింది, కాగితం మీద సంతకం పెట్టండి" అంది. లెక్కపెట్టాను. ఆరే.

జూన్ 22

నట్టుబోల్టుకి కొసరులోనే విడిగా ఉత్తరం రాశాను. ఒక కథ కోసం అడుగుతున్నాను, పద్దెనిమిదేళ్ళ అనుభవమున్న మెకానిక్ గోతిలో పడి చనిపోవాలంటే ఎలా జరగొచ్చు అని.

గంటలో జవాబు. "జరగదు. తలుపు తీసి, డబ్బా ఉందో లేదో చూడకుండా కాలు పెట్టేది బిల్డింగు వాళ్ళు, మేం కాదు. తాడు తెగినా డబ్బా పట్టాల్ని కరుచుకుని ఆగుతుంది. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంకా బతికే ఉన్నాను. మీ కథలో ఆవిడ అలా చచ్చిపోయిందంటే, రాసినవాళ్ళకి పని రాదని అర్థం. అనుమానం ఉంటే బుధవారం మధ్యాహ్నం రండి. మెషీన్ రూము చూపిస్తాను."

నిజం మెకానిక్!

జూన్ 25

వెళ్ళొచ్చాను. అంతా వరసగా రాసుకోవాలి, లేకపోతే నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

అయిదంతస్తుల పాత ఆసుపత్రి మేడ. పైన ఇనప నిచ్చెన ఎక్కితే మెషీన్ రూము. యాభై ఏడేళ్ళావిడ, పొట్టిగా, గట్టిగా, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని, జేబులో రెండు స్పానర్లతో నిలబడి ఉంది. గ్రీజు చెయ్యి చాపబోయి, మోచెయ్యి చాపింది.

"ఎదురింటావిడ మీరేనా? నేను నట్టు."

"బోల్టు?"

"ఇంటి దగ్గరుంది. టీ పెడుతుంది రండి."

అదీ సంగతి. నట్టుబోల్టు ఒకరు కాదు, ఇద్దరు. నట్టు చెబుతుంది, బోల్టు టైపు చేస్తుంది. తొమ్మిది తప్పుల్లో లిఫ్టు తప్పులు ఆరు ఈవిడవి, వ్యాకరణం తప్పులు మూడు ఆవిడవి. బోల్టు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పొడుగ్గా, మెడలో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడేసుకుని ఉంటుంది. నట్టు ఆవిణ్ణి "టీచర్, మీరు" అంటుంది. ఆవిడ నట్టుని "ఓయ్" అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పిలుపట.

రెండు గదుల ఇల్లు. ఒక గదిలో పుస్తకాలూ టూల్ బాక్సులూ ఒకే అలమరలో. ఇంకో గదిలో మంచం. ఒకటే మంచం. నేను చూడటం టీచరు చూసింది. ఏమీ అనకుండా చక్కెర ఎంత అని అడిగింది.

"కింద వాటా వాళ్ళు మమ్మల్ని అక్కాచెల్లెళ్ళనుకుంటారు" అంది నట్టు. "ఎవరు అక్క అని అడుగుతారు. నేను టీచరంటాను, టీచరేమో నన్ను చూపిస్తుంది. ఇరవై రెండేళ్ళయినా ఆ లెక్క తేలలేదు."

"వయసు చెప్పకపోతే ఏ లెక్కా తేలదు" అంది టీచరు.

నవ్వాను. ఆ ఇంట్లో నవ్వడం తేలిగ్గానే ఉంది. సీరియల్ వచ్చే అరగంటా ఫోనెత్తరట. ఇల్లు కాలిపోతున్నా ఎత్తరట. ఎందుకంత ఇష్టమని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"టీవీ కొన్నప్పట్నుంచీ చూస్తున్నామండీ" అంది నట్టు. "అందరి ఇళ్ళూ వచ్చాయి. అత్తల ఇళ్ళు, కోడళ్ళ ఇళ్ళు, దొంగల ఇళ్ళు. మా ఇల్లొక్కటే ఎప్పుడూ రాలేదు. పోయినేడు ఆ లిఫ్టులో కరెంటు పోయింది చూడండి, అప్పుడొచ్చింది."

"రాసినావిడ తెలిసే రాసిందంటాను నేను" అంది టీచరు. "ఇది ఒప్పుకోదు. పందెం కూడా వేసుకున్నాం."

"తెలీక రాసుంటారు" అంది నట్టు. "తెలీకపోయినా పర్లేదు. వచ్చింది కదా."

టీ చల్లారిపోయింది. నేనెవరో చెప్పలేదు. మెకానిక్ పోతోందనీ చెప్పలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

జూన్ 26

పాత స్క్రిప్టుల ఫైలు తీశాను. నేను ముందు పెన్సిలుతో రాస్తాను, తర్వాత జూనియర్ టైపు చేస్తుంది. మూడువందల నలభై ఎనిమిది, నాలుగో సీను.

'మీరు' అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి పైన 'నువ్వు' అని ఉంది. నా చేతిరాతే.

కాలేజీ హాస్టల్లో రెండో ఏడు. తను పైక్లాసు అమ్మాయి, నాకన్నా రెండేళ్ళు పెద్ద, అందరం మీరనే అనేవాళ్ళం. ఒకసారి సాయంత్రం కరెంటు పోయినప్పుడు

రాయను.

జూన్ 27

రాయను అంటే రాయను.

జూలై 1

ఎవరో బయటపెట్టేశారు. మెకానిక్ చనిపోతుందని కొసరులో పొద్దుట్నుంచీ గగ్గోలు. సూది-స్పానరు వాళ్ళ ఏడుపు సరే, సూది-గొట్టం వాళ్ళు కూడా వచ్చి, "మాకు మీతో పోట్లాట ఉంది కానీ మనిషిని చంపేంత లేదు" అని ఓ ప్రకటన చేశారు. చదువుతుంటే ముక్కు ఎగబీల్చాల్సి వచ్చింది. జలుబు.

నట్టుబోల్టు దగ్గర్నుంచి మాత్రం ఒక్క మాటా లేదు.

ఇస్త్రీ సారు సంబరం అంతా ఇంతా కాదు. "చూశారా మేడమ్ ఈ గోల! ఇంత గోల అవుతోందంటే చంపాల్సిందే."

వార్త వీధిలోంచి తిరిగి పిన్ని దగ్గరికి కూడా వచ్చింది. "అదేంటే, ఆ పిల్ల పోతే లిఫ్టెవరు చూస్తారు?" అంది. ఆ తర్వాత చాలాసేపు టీవీ పెట్టలేదు.

జూలై 3

చంపాను. పన్నెండు పేజీలు. నర్సు ఏడుపే నాలుగు పేజీలు. ఇస్త్రీ సారు ఫోనులోనే "అద్భుతం" అన్నారు.

ఒక్క మాట కూడా బాగాలేదు. నట్టుబోల్టుకి చూపిస్తే ఎన్ని తప్పులు పెడుతుందో.

జూలై 6

పొద్దున్నే ఫోను చేశాను. రెండుసార్లు మోగకముందే పెట్టేశాను, రాసుకోవడానికి సిగ్గెందుకు.

"నట్టు గారూ, నేను ఎదురింటావిణ్ణి. మీకొకటి చెప్పాలి. ఆ సీరియల్ రాసేది నేనే."

టీచరు గొంతు దూరంగా, "ఎవరే?" అంటోంది.

"ఆ కరెంటు పోయిన ఎపిసోడు కూడా మీదేనా?"

"నాదే."

"పొరపాటా?"

నెల రోజులుగా ఆ మాటకి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది పక్కన పెట్టేశాను.

"కాదు."

"టీచర్!" అని అరిచింది ఇంట్లోకి తిరిగి. "పందెం మీదే!" తర్వాత గొంతు తగ్గించి నన్నడిగింది. "మరి ఆవిణ్ణి చంపుతోంది కూడా మీరేనా?"

"చంపమన్నారండీ. నా చేతిలో ఏముంది?"

"చంపమన్నవాళ్ళు చంపలేరండీ. వాళ్ళకి రాయడం రాదుగా" అంది నట్టు. కోపంగా అనలేదు. స్క్రూ ఎక్కడ వదులైందో చూపించినట్టు అంది.

పెట్టేశాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం పిన్ని రెండుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారి కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నాలుగింటికి కొత్త సీను అయింది. తొమ్మిది పేజీలు. ఒక్క ఏడుపు లేదు.

జూలై 9

షూటింగు. ఇస్త్రీ సారు వేరే ఊళ్ళో కొత్త సీరియల్ పని మీద ఉన్నారు. లిఫ్టు సెట్టు మాకు ఒక్క రోజుకే ఇచ్చారు. మా డైరెక్టరు మామూలుగానే నిప్పులు తొక్కినట్టు తిరుగుతాడు, ఇవాళ ఇంకా.

సాంకేతిక సలహాకి నిపుణురాలిని తెచ్చానని నట్టుని పరిచయం చేశాను. ఆవిడ సెట్టంతా తిరిగి, అట్టముక్క పట్టాల్ని వేలితో తట్టి, పెదవి విరిచింది.

"అమ్మా, ఈ సీన్లో ఆవిడ పడి చనిపోవాలి. లంచ్ లోపు" అన్నాడు డైరెక్టరు.

"కుదరదు బాబూ. ఇక్కడ ఎర్ర బటనుంది చూశావా? ముందు ఇది నొక్కుతాం, తర్వాతే కాలు పెడతాం."

"నొక్కడం మర్చిపోయిందనుకోండి."

"నువ్వెప్పుడైనా ప్యాంటు వేసుకోవడం మర్చిపోయి షూటింగుకి వచ్చావా?"

లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. మెకానిక్ వేషం వేసే నటి అయితే మూలకెళ్ళి నవ్వి మేకప్ పాడుచేసుకుంది. ఆ అమ్మాయికి ఎవరూ ఇంతవరకూ ఒక నిజం మెకానిక్‌ని చూపించలేదు. "టార్చి ఎలా పట్టుకుంటారండీ?" అని అడిగింది. "నోట్లో" అంది నట్టు. "చేతులు ఖాళీగా ఉండాలి."

అప్పుడు సంచీలోంచి రెండో స్క్రిప్టు తీసి డైరెక్టరు చేతిలో పెట్టాను. ఇందులో తాడు తెగుతుంది. డబ్బా పట్టాల్ని కరుచుకుని రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. మెకానిక్ కాలు విరిగి లోపల ఉంటుంది. మనుషులు వచ్చేదాకా నర్సు మూడో అంతస్తు తలుపు దగ్గర నేల మీద బోర్లా పడుకుని, ఆవిడ నిద్రపోకుండా మాట్లాడుతూనే ఉంటుంది. మ్యూజిక్ ఉండదు. అంతే.

డైరెక్టరు నిలబడే చదివాడు. నేను తిరగేసిన పేజీలు లెక్కపెట్టాను.

"ఇద్దరే మనుషులా?"

"ఇద్దరే."

"జనం లేరు? అంబులెన్సు లేదు? శవం లేదు?"

"లేవు."

"నాలుగింటికి ప్యాకప్ అయిపోద్ది" అన్నాడు. కళ్ళు మెరిశాయి. "ఆయనకి మీరే చెప్పుకోవాలి మేడమ్. నాకు తెలీదు."

కళ మీద ప్రేమతో ఒప్పుకున్నాడని ఎక్కడైనా రాయొచ్చు. ఇక్కడ నిజమే రాస్తున్నాను.

నర్సు వేషం వేసే నటి బోర్లా పడుకుని, చెయ్యి గోతిలోకి చాపి మాట్లాడింది. ఒకే టేకు. కట్ చెప్పడం డైరెక్టరు మర్చిపోయాడు. నట్టు జేబులోంచి గ్రీజు గుడ్డ తీసి మొహం తుడుచుకుంది. మొహమంతా నల్లగా అయింది.

జూలై 18

వచ్చింది. పిన్ని పక్కనే కూర్చున్నాను. టీవీ చూడలేదు, పిన్నినే చూశాను.

అయ్యాక పిన్ని కళ్ళద్దాలు తీసి తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

"డాక్టరు బంగారమే" అంది. "కానీ అలా నేల మీద పడుకునే మనిషి కాదులే."

కొసరు తెరుచుకోవడం లేదు. జనం తాకిడికి పడిపోయిందట.

జూలై 21

ఇస్త్రీ సారు పిలిచారు. రేటింగు ఏడాదిలో ఎన్నడూ లేనంత పైకి లేచిందట. ఆ మాట ఆయనే చెప్పారు, పళ్ళ మధ్య నుంచి.

"మెకానిక్ ఉంటుంది మేడమ్. మీరు వెళ్ళండి. చెప్పకుండా మార్చే మనిషితో నేను పనిచెయ్యలేను."

తప్పు లేదు. నేనైనా అదే అనేదాన్ని.

"ఓ చావు కావాలన్నారుగా సార్. అయింది" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది, మింగేశారు.

ఇకనుంచి జూనియర్ రాస్తుంది. ఆ పిల్ల నా కుర్చీలో కూర్చోనని ఏడ్చింది. నేనే భుజాలు పట్టి కూర్చోబెట్టాను. "ఆరు మాటలు గుర్తుంచుకో. నర్సుని బేలగా చెయ్యకు. మిగతాది నీ ఇష్టం" అన్నాను. మిగతాది నీ ఇష్టం అనడం ఇంత కష్టమని తెలీదు.

జూలై 24

ఒక ఫోను నంబరు సంపాదించాను. పాత హాస్టల్ స్నేహితుల ద్వారా, నలుగురిని దాటుకుని. చెయ్యలేదు.

జూలై 25

చెయ్యలేదు.

జూలై 27

చేశాను. ఇద్దరు మనవలట. మోకాళ్ళ నొప్పులట. సీరియళ్ళు చూడదట, పుస్తకాలే.

గంటా పది నిమిషాలు. ఏం మాట్లాడుకున్నామో రాయను. ఈసారి రాయలేక కాదు.

పిన్ని పక్కగదిలో టీవీ శబ్దం తగ్గించింది. నాకు అడ్డం రాకూడదని. ఈ ఇంట్లో ఆ టీవీ శబ్దం తగ్గడం నాకు తెలిసి ఇదే మొదలు.

ఆగస్టు 6

ఇవాళ్టి నుంచి జూనియర్ ఎపిసోడ్లు. ఆరున్నరకే వచ్చి కూర్చున్నాను. పిన్ని నన్ను పైనుంచి కిందికి చూసి కాస్త జరిగింది.

మెకానిక్ కాలికి కట్టుతో, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని ఎక్కుతోంది. మొదటి అంతస్తు. రెండో అంతస్తు. జూనియర్ ఎక్కడా తొందరపడలేదు, రాక్షసి. మూడో అంతస్తు. తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది.

తీసింది డాక్టరు! చొక్కా చేతులు మడుచుకుని, నర్సు ఇంట్లోంచి, తన ఇల్లైనట్టు!

అక్కడితో ఆపేసింది.

పిన్ని చప్పట్లు కొట్టింది. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. "ఇదేం అన్యాయం! వాడికి అక్కడేం పని?"

"రేపేమవుతుందే?" అంది పిన్ని.

"నాకేం తెలుసు!" అని అరిచాను.

అరిచాక తెలిసింది. నిజంగానే నాకు తెలీదు. రెండున్నరేళ్ళలో మొదటిసారి రేపు ఏమవుతుందో తెలీకుండా ఈ ఇంట్లో కూర్చున్నాను. ఒళ్ళంతా గంతులేసినట్టుంది. రేపు ఏడింటి దాకా ఎలా ఆగుతారు జనం? ఇన్నాళ్ళూ నేను వాళ్ళకి చేసింది ఇదా?

ఆగలేదు. బల్ల దగ్గర కూర్చుని కొసరు తెరిచాను. అప్పటికే గొట్టం వాళ్ళు విజయోత్సవం మొదలెట్టేశారు. నట్టుబోల్టు దగ్గర్నుంచి ఒక వాక్యం: "ఎదురింటావిడ గారూ, ఎక్కడున్నారు? త్వరగా ఏదైనా చెయ్యండి." డాక్టరు ఆ ఇంటికి ఎందుకొచ్చాడో నాకు తెలుసు. వంటింట్లో కుళాయి విరిగింది, నీళ్ళు ఆపడానికి వచ్చాడు, అంతే. మొదటి పేరా రాసేశాను.

పిన్ని వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో తన ఫోను, ముక్కు చివర కళ్ళద్దాలు.

"నాకూ తెరిచి పెట్టు, ఆ కొసరో ఏదో."

"నీకెందుకు పిన్నీ?"

"నువ్వు ఒక్కదానివే రాస్తే ఎలా? పాపం, ఆ డాక్టరు వైపు మాట్లాడే దిక్కుండొద్దూ?"

తెరిచి ఇచ్చాను. బల్లకి ఇటు నేను, అటు పిన్ని. ఒక వేలితో టకటకా కొడుతోంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"గొట్టానికి టావత్తు ఎక్కడొస్తుందే ఇందులో?"

శత్రువులకి ఒత్తులు అందించేది లేదన్నాను.

లేచి వెళ్ళి చూపించాను.